వాయించేది ఎవరు? డ్యూక్ ఎల్లింగ్టన్ గౌరవ కచేరీకి ముందు కొన్ని మాటలు

(న్యూజెర్సీలో తెలుగు మిత్రుల నెలవారీ సమావేశంలో చేసిన ప్రసంగ పాఠం. మధ్యలో వినిపించిన రికార్డుల వివరాలు కుండలీకరణాల్లో ఉన్నాయి.)

అందరికీ నమస్కారం.

వచ్చే శనివారం మనలో చాలామందిమి అమెరికా జాజ్ స్వరకర్త, పియానిస్టు, బ్యాండు నాయకుడు డ్యూక్ ఎల్లింగ్టన్ గౌరవార్థం జరిగే జాజ్ ఆర్కెస్ట్రా కచేరీకి వెళ్తున్నాం. సగం మంది పిల్లల కోసమే వస్తున్నారని నాకు తెలుసు. మన పిల్లలు స్కూల్ జాజ్ బ్యాండ్లలో సాక్సఫోన్ వాయిస్తున్నారు, ట్రంపెట్ వాయిస్తున్నారు. ఇంట్లో రోజూ ఆ సాధన మన చెవిన పడుతూనే ఉంటుంది. అది ఎవరు కట్టిన పాట, ఎందుకలా కట్టారు అని కూర్చుని మాట్లాడుకునే తీరిక మాత్రం దొరకదు. ఇవాళ ఆ పని చేద్దాం. ఆయన జీవితమంతా చెప్పాలంటే ఈ పూట చాలదు. అందుకని ఒక్క ప్రశ్న పట్టుకుంటాను. ఎల్లింగ్టన్‌ను గౌరవించాలంటే ఆయన పాటలు తప్పుల్లేకుండా వాయిస్తే సరిపోతుందా?

ముందు ఒక రాత్రి గురించి చెప్తాను. 1969 ఏప్రిల్ 29. ఎల్లింగ్టన్‌కు ఆ రోజుతో డెబ్భై ఏళ్ళు నిండాయి. అధ్యక్షుడు నిక్సన్ వైట్ హౌస్‌లో విందు ఏర్పాటు చేసి, ఈ దేశంలో పౌరులకిచ్చే అత్యున్నత పురస్కారం, ప్రెసిడెన్షియల్ మెడల్ ఆఫ్ ఫ్రీడమ్, ఆయనకు అందజేశాడు. ఎల్లింగ్టన్ పుట్టింది 1899లో, ఆ వాషింగ్టన్ ఊళ్ళోనే. వాళ్ళ నాన్న బట్లర్. అదే వైట్ హౌస్‌లో అప్పుడప్పుడు విందులకు పనిచేసినవాడు. తండ్రి వడ్డించిన ఇంట్లో కొడుకు ముఖ్య అతిథిగా కూర్చున్నాడు. ఈ సంగతి తల్చుకున్నప్పుడల్లా నాకు ఒళ్ళు పులకరిస్తుంది.

విందు అయ్యాక కచేరీ. వాయించింది ఆయన సొంత బ్యాండు కాదు. ఆ రోజు కోసం ఏరి కూర్చిన పదిమంది మేటి కళాకారులు. ట్రంపెట్ మీద క్లార్క్ టెర్రీ, ట్రాంబోన్ మీద జె.జె. జాన్సన్, బారిటోన్ సాక్సఫోన్ మీద జెర్రీ మల్లిగన్, ఆల్టో సాక్సఫోన్ మీద పాల్ డెస్మండ్, పియానో దగ్గర హ్యాంక్ జోన్స్. వీళ్ళు కాక అతిథులుగా ఎర్ల్ హైన్స్, డేవ్ బ్రూబెక్, బిల్లీ టేలర్ వచ్చి తలా కాసేపు పియానో వాయించారు. అన్నీ ఎల్లింగ్టన్ పాటలు, ఆయన బృందం పాటలే. ఆయన ముందు వరసలో కూర్చుని వింటున్నారు. డెస్మండ్‌ది మామూలుగా గాలిలో తేలిపోతున్నట్టుండే పల్చటి స్వరం. ఆ రాత్రి ఒకచోట ఆయన తన స్వరం పక్కనపెట్టి, ఎల్లింగ్టన్ బ్యాండులో నలభై ఏళ్ళనుంచి వినిపిస్తున్న జానీ హాడ్జెస్ స్వరాన్ని అచ్చు గుద్దినట్టు దించేశాడు. స్వరం నుంచి స్వరానికి నెయ్యి జారినట్టు జారుతుందే, ఆ జారుడుతో సహా. ఎల్లింగ్టన్ ఉలిక్కిపడి నిటారుగా లేచి కూర్చున్నారట.

ఆ రాత్రి అంతా ఆయన పాటలే వినబడుతున్నాయి కదా, మరి ఉలిక్కిపడింది ఎక్కడ? పాట విన్నప్పుడు కాదు, తన మనిషి వినపడ్డప్పుడు. నేను చెప్పదల్చుకున్న విషయం అంతా ఇక్కడే ఉంది.

మామూలుగా స్వరకర్త ఏం చేస్తాడు? "ఇది మొదటి ట్రంపెట్‌కి, ఇది రెండో ట్రాంబోన్‌కి" అని రాస్తాడు. ఆ కుర్చీలో ఇవాళ ఒకరు, రేపు ఇంకొకరు. ఎల్లింగ్టన్ అలా రాయలేదు. ఆయన రాసుకున్న కాగితాల మీద చాలాచోట్ల వాయిద్యం పేరుండదు, మనిషి పేరుంటుంది. కూటీ, ట్రికీ, హాడ్జెస్‌కైతే ముద్దుపేరు ర్యాబ్. కూటీ విలియమ్స్ ఏ స్వరం దగ్గర గొంతు బిగిస్తాడో, హ్యారీ కార్నీ బారిటోన్ కింది స్థాయిలో ఎంత నిండుగా పలుకుతుందో తెలుసుకుని, ఆ మనిషికి సరిపోయే స్వరం ఆ మనిషికే ఇచ్చారు. కార్నీ 1927లో, పదిహేడేళ్ళ కుర్రాడిగా చేరాడు. 1974లో ఎల్లింగ్టన్ పోయేదాకా వదల్లేదు. ఊరూరా తిరిగేటప్పుడు మిగతావాళ్ళు బస్సులో వెళ్తే ఎల్లింగ్టన్ కార్నీ కారులో వెళ్ళేవారు. కార్నీ నడిపేవాడు, పెద్దాయన పక్క సీట్లో. ఆ ఏడాది మే 24న ఎల్లింగ్టన్ పోయారు, అక్టోబరులో కార్నీ పోయాడు.

మనకు పౌరాణిక నాటకాల్లో పద్యం ఉంది చూడండి. పద్యం కవిదే. కానీ వేదిక మీద దానికి ప్రాణం పోసేది రాగం తీసే నటుడు. ఊళ్ళోవాళ్ళు ఫలానా కవి పద్యం విందామని బండ్లు కట్టుకుని వెళ్ళలేదు, ఫలానా నటుడి నోట ఆ పద్యం విందామని వెళ్ళారు, వన్స్ మోర్ కొట్టారు. ఇప్పుడు ఆ కవి నాటకసమాజంతోపాటే యాభై ఏళ్ళు ఊరూరా తిరిగి, ఒక్కో నటుడి ఊపిరి ఎంతో కొలుచుకుని, దానికి తగ్గట్టు ప్రతి రాత్రీ పద్యం సవరిస్తూ పోయాడనుకోండి. ఎల్లింగ్టన్ చేసింది అది.

ఒక ఉదాహరణ దగ్గరగా చూద్దాం. 1930 నాటి 'మూడ్ ఇండిగో'. మొదట్లో మూడు వాయిద్యాలు కలిసి నెమ్మదిగా పాట ఎత్తుకుంటాయి. ట్రంపెట్, ట్రాంబోన్, క్లారినెట్. జాజ్ పుట్టిన న్యూ ఆర్లీన్స్ పద్ధతిలో ఈ మూడింటికీ అలవాటైన చోట్లున్నాయి. క్లారినెట్ పైన ఎగురుతుంది, ట్రంపెట్ మధ్యలో పాట నడుపుతుంది, ట్రాంబోన్ కింద మోస్తుంది. ఎల్లింగ్టన్ దాన్ని తిరగేశారు. ట్రంపెట్ పైన పాట పలుకుతుంది. ట్రాంబోన్‌ను దానికి బాగా అందనంత పైస్థాయికి లాగి, ట్రంపెట్‌కి సరిగ్గా కిందనే నిలబెట్టారు. క్లారినెట్‌ను తీసుకెళ్ళి అట్టడుగున, దాని చీకటి గొంతులో పడేశారు. రెండు ఇత్తడి వాయిద్యాలకూ మ్యూట్లు, అంటే స్వరాన్ని అణిచే మూతలు, పెట్టించారు. అందుకే మొదటిసారి వింటే ఏది ఏ వాయిద్యమో చెప్పలేం. ట్రంపెట్ ఆర్థర్ వెట్‌సల్, ట్రాంబోన్ జో నాంటన్, క్లారినెట్ బార్నీ బిగార్డ్. వింటూ క్లారినెట్ ఎక్కడుందో వెతకండి.

(1930 నాటి 'మూడ్ ఇండిగో' రికార్డు మొదటి నిమిషం వినిపించారు.)

కింద, బాగా కింద ఉంది కదా. వెనక వరసలోంచి ఒక అబ్బాయి చెయ్యెత్తాడు, సంతోషం. శనివారం ఆ ముగ్గురూ ముందుకొచ్చి నిలబడితే ఎవరు పైన, ఎవరు కింద అని మీరే చూసుకోవచ్చు.

ఈ జో నాంటన్‌నే ట్రికీ శామ్ అనేవారు. ట్రాంబోన్ గొట్టం నోటికి అడ్డంగా, సింకు మూసుకుపోతే కొట్టే రబ్బరు ప్లంజర్ కప్పు పెట్టి, మూస్తూ తీస్తూ వాయించేవాడు. కప్పు వెనకాల ఇంకో చిన్న మ్యూటు, దానికి తోడు గొంతులోంచి గురగుర. మూడూ కలిస్తే మనిషి మాట్లాడినట్టే ఉంటుంది. బ్యాండులో ఈ పద్ధతికి బాట వేసింది ట్రంపెటర్ బబ్బర్ మైలీ. ఆయన వెళ్ళిపోయాక 1929లో వచ్చిన కూటీ విలియమ్స్ దాన్ని నేర్చుకుని తన సొంతం చేసుకున్నాడు. ఎల్లింగ్టన్ 1940లో అతని పేరుమీదే 'కాన్సెర్టో ఫర్ కూటీ' రాశారు. మూడు నిమిషాల రికార్డులో ఆ ఒక్క ట్రంపెట్ ఎన్ని గొంతులు మారుస్తుందో. అదే ఏడాది చివర్లో కూటీ ఎక్కువ జీతానికి బెన్నీ గుడ్‌మన్ బ్యాండుకు వెళ్ళిపోయాడు. తిరిగొచ్చింది 1962లో.

అంతా ప్రేమే అని చెప్పను. ఆ బ్యాండులో వాళ్ళు సాధనలో, సోలోల్లో (ఒక్కరే ముందుకొచ్చి వాయించే చోట్ల) అలవోకగా వాయించిన ముక్కల్లోంచి ఎల్లింగ్టన్ పాటలు కట్టారు. పేరూ రాయల్టీ ఎక్కువగా ఆయనకే చేరాయి. తన ముక్కలోంచి పుట్టిన పాట మొదలవగానే హాడ్జెస్ వేదిక మీదే, పెద్దాయన వైపు తిరిగి, నోట్లు లెక్కపెడుతున్నట్టు వేళ్ళాడించేవాడు. అతని కోపం న్యాయమైనదే. అదే సమయంలో, పెద్ద బ్యాండ్ల కాలం అయిపోయి అందరూ మూసేసుకుంటున్న రోజుల్లో ఎల్లింగ్టన్ ఆ రాయల్టీ డబ్బే పోసి పదిహేనుమందికి ఏడాది పొడుగునా జీతాలిచ్చారు. రాత్రి రాసింది మర్నాడు వినాలి, అది ఆయన కోరిక. ఈ రెండూ నిజాలే. ఒకటి చెప్పి రెండోది దాచడం నాకిష్టం లేదు.

ఇక బిల్లీ స్ట్రేహార్న్. మన పిల్లలందరికీ వచ్చిన 'టేక్ ద ఎ ట్రెయిన్' ఎల్లింగ్టన్ పాట కాదమ్మా, స్ట్రేహార్న్ పాట. 1938 డిసెంబరులో పిట్స్‌బర్గ్‌లో ఎల్లింగ్టన్‌ను కలిసినప్పుడు అతనికి ఇరవైమూడేళ్ళు. 1941 మొదట్లో పాటల హక్కుల సంఘానికీ రేడియోవాళ్ళకీ తగవొచ్చి, ఆ సంఘంలో సభ్యుడైన ఎల్లింగ్టన్ పాటలేవీ రేడియోలో వెయ్యకూడదన్నారు. రాత్రికి రాత్రి బ్యాండుకు కొత్త పాటలు కావాల్సి వచ్చింది. స్ట్రేహార్న్ ఇంకా ఆ సంఘంలో చేరలేదు. అలా ఆ పాట బయటికొచ్చి, బ్యాండుకు గుర్తింపు పాట అయిపోయింది. తర్వాత పాతికేళ్ళపాటు ఇద్దరూ కలిసి రాశారు. ఎక్కడ ఒకరు ఆపారో, ఎక్కడ ఇంకొకరు అందుకున్నారో పండితులు ఇప్పటికీ వెతుకుతున్నారు.

స్ట్రేహార్న్ 1967 మే 31న క్యాన్సర్‌తో పోయాడు. యాభై ఒక్కేళ్ళు. ఆసుపత్రి మంచం మీదనుంచి చివరగా పంపిన రచన 'బ్లడ్ కౌంట్'. అది కూడా హాడ్జెస్ ఆల్టో కోసమే రాశాడు. అదే ఏడాది ఆగస్టులో ఎల్లింగ్టన్ బ్యాండును స్టూడియోకి తీసుకెళ్ళి స్ట్రేహార్న్ పాటలు రికార్డు చెయ్యడం మొదలుపెట్టారు. ఒక ఆర్కెస్ట్రా ఒక పియానిస్టుకు, స్వరకర్తకు చేసిన గౌరవాల్లో ఇంతకు మించింది నేను వినలేదు. హాడ్జెస్ 'బ్లడ్ కౌంట్' వాయించిన తీరులో ఏడుపు లేదు, కోపముంది. ఒకరోజు పని అయిపోయి అందరూ వాయిద్యాలు పెట్టెల్లో సర్దుకుంటున్నారు. ఎల్లింగ్టన్ ఒక్కరే పియానో దగ్గర కూర్చుని, స్ట్రేహార్న్ ఆయన చేత వాయింపించుకుని వినడానికి ఇష్టపడే 'లోటస్ బ్లాసమ్' ఎత్తుకున్నారు. టేపు తిరుగుతూనే ఉంది. మాటలు, చప్పుళ్ళు కూడా అందులో పడ్డాయి. పాట నడుస్తున్నకొద్దీ గది సద్దుమణగడం మనకు వినపడుతుంది. కంపెనీవాళ్ళు ఆ చప్పుళ్ళతో సహా దాన్ని రికార్డులో ఉంచారు. చాలా మంచిపని చేశారు.

సరే, ఇప్పుడు అసలు చిక్కు. హాడ్జెస్ 1970లో పోయాడు. కార్నీ లేడు, కూటీ లేడు. మనుషుల కోసం రాసిన సంగీతాన్ని, ఆ మనుషులు పోయాక ఎలా వాయించాలి?

మొదటి అడ్డంకి కాగితం. ఎల్లింగ్టన్ బ్యాండులో చాలా సంగతులు కాగితం మీద పూర్తిగా ఉండేవి కావు. సాధనలో నోటితో చెప్పుకుని, గుర్తుపెట్టుకుని వాయించినవి ఎన్నో. ఉన్న కాగితాలను ఆయన కొడుకు మెర్సర్ దగ్గరనుంచి 1988లో స్మిత్‌సోనియన్ సంస్థ తీసుకుంది. వేల పేజీలు. అందులోనూ ఒక పాటలో కొందరి భాగాలుంటాయి, మరికొందరివి ఉండవు. అందుకని డేవిడ్ బర్గర్ లాంటివాళ్ళు పాత రికార్డులు ముందేసుకుని, చెవితో విని, ఒక్కో వాయిద్యం స్వరం విడదీసి రాసుకొచ్చారు. పైనున్న ట్రంపెట్ ఎవరికైనా వినపడుతుంది. మధ్యలో మూడో సాక్సఫోన్ ఏం పలుకుతోందో పట్టుకోవడమే కష్టం. గీతలు పడ్డ పాత రికార్డులో అది మరీ కష్టం. ఈ పనివల్లే లింకన్ సెంటర్ జాజ్ ఆర్కెస్ట్రా ట్రంపెటర్ వింటన్ మార్సాలిస్ నాయకత్వంలో ఎల్లింగ్టన్ సంగీతాన్ని మళ్ళీ వేదికెక్కించగలిగింది. వాళ్ళే ఆ నొటేషన్‌ను హైస్కూళ్ళకు ఉచితంగా పంపించి, న్యూయార్కులో 'ఎసెన్షియల్లీ ఎల్లింగ్టన్' పోటీ ఏటా నడుపుతున్నారు. 1996లో మొదలైంది. మీ ఇంట్లో మ్యూజిక్ స్టాండు మీద ఉన్న కాగితం అలా ఎవరో రోజుల తరబడి చెవొగ్గి సంపాదించిందే కావచ్చు. పిల్లలూ, దాన్ని జాగ్రత్తగా చూసుకోండి.

రెండో అడ్డంకి సోలో. పాత సోలోను ఉన్నదున్నట్టు వాయించాలా, కొత్తగా అల్లాలా? ఈ గొడవ జాజ్ లోకంలో ముప్ఫై, నలభై ఏళ్ళుగా నడుస్తోంది. నా అభిప్రాయం చెప్తాను. 'కాన్సెర్టో ఫర్ కూటీ'లో ట్రంపెట్ భాగం రచనలో భాగం. దాన్ని మారిస్తే పాటే మారిపోతుంది. అది ఉన్నట్టే వాయించాలి. కానీ 1956 జులై 7 రాత్రి న్యూపోర్ట్ జాజ్ ఉత్సవంలో పాల్ గొన్సాల్వెజ్ వాయించినదాని సంగతి వేరు. 1937లో ఎల్లింగ్టన్ రాసిన రెండు బ్లూస్ రచనలు, 'డిమినుయెండో', 'క్రెసెండో'. వాటి మధ్య ఖాళీలో గొన్సాల్వెజ్ టెనర్ సాక్సఫోన్ మీద పన్నెండు బార్ల (బార్ అంటే నాలుగు మాత్రల ఖండం) బ్లూస్ ఆవృతాలు ఇరవైఏడు వరసగా అల్లాడు. జనం కుర్చీల్లోంచి లేచి నాట్యం మొదలుపెట్టారు. ఆ ఆగస్టులో టైమ్ పత్రిక ముఖచిత్రంగా ఎల్లింగ్టన్ బొమ్మ వేసింది. ఆ రాత్రి గొన్సాల్వెజ్ రికార్డు కంపెనీవాళ్ళ మైకులో కాక పక్కనున్న వాయిస్ ఆఫ్ అమెరికా మైకులో వాయించాడు. ఆ రేడియో టేపు తర్వాత దొరికి, రెండూ కలిపి 1999లో కొత్తగా విడుదల చేసేదాకా ఆ సోలో మనకు దూరం నుంచి విన్నట్టే ఉండేది. ఇప్పుడు ప్రతి స్వరమూ స్పష్టంగా ఉంది కదా అని ఎవరైనా ఆ ఇరవైఏడూ బట్టీపట్టి అప్పజెప్తే, చెయ్యి తిరిగినవాడని ఒప్పుకుంటాను. గౌరవించాడని మాత్రం ఒప్పుకోను. ఆ ఖాళీని ఎల్లింగ్టన్ వదిలింది ఎవరొస్తే వాళ్ళ కోసం. శనివారం అక్కడ కూర్చునే అమ్మాయో అబ్బాయో తన సొంత మాట చెప్పుకోవాలి.

పియానో సంగతి క్లుప్తంగా. ఎల్లింగ్టన్ కుర్రతనంలో జేమ్స్ పి. జాన్సన్ 'కరొలైనా షౌట్' నేర్చుకున్నది కాగితపు చుట్టతో దానంతటదే మోగే పియానో మీద. ఆ చుట్ట వేగం తగ్గించి, వాటంతటవే దిగే మెట్ల మీద వేళ్ళు పెట్టి. అంత వేగంగా వాయించడం వచ్చినవాడు బ్యాండుతో ఉన్నప్పుడు చాలా తక్కువ వాయించేవారు. నాలుగు స్వరాలు మోగించి, బ్యాండును ఎత్తుకోమని సైగ చేసి, చెయ్యి తీసేసేవారు. శనివారం పియానో దగ్గర కూర్చునేవారు ఎక్కడ వాయించడం ఆపేస్తారో గమనించండి.

మనకు దగ్గరి సంగతి ఒకటి. 1963 సెప్టెంబరు మొదలుకొని అమెరికా ప్రభుత్వం తరఫున ఈ బ్యాండు డమాస్కస్, అమ్మాన్, కాబూల్ మీదుగా మన దేశం వచ్చింది. ఢిల్లీలో ఎల్లింగ్టన్ జబ్బుపడి ఆసుపత్రిలో ఉండాల్సి వచ్చింది. ఆ పర్యటనలో మన హైదరాబాదు కూడా ఉంది, మద్రాసు ఉంది. తర్వాత సిలోన్, పాకిస్తాన్, ఇరాన్, ఇరాక్. నవంబరులో టర్కీలో ఉండగా కెనడీ హత్య జరిగి, మిగతా పర్యటన రద్దయింది. చూసొచ్చిన దేశాల సంగీతాన్ని వెంటనే అనుకరించడానికి ఆయన ఒప్పుకోలేదు. లోపల నానబెట్టారు. 1966 డిసెంబరులో రికార్డు చేసిన 'ఫార్ ఈస్ట్ స్వీట్' అనే రచనల వరసలో సితారు లేదు, తబలా లేదు. ఢిల్లీలో విన్న గోరింక కూత జిమ్మీ హామిల్టన్ క్లారినెట్ అయింది. ఆగ్రా అనే భాగం కార్నీ బారిటోన్ అయింది. తాజ్‌మహల్ చూసొచ్చి కూడా ఆయన రాసింది తన మనిషి గొంతుకే.

ఇంత చేసినాయనకు ఈ దేశం గౌరవం తీరుబడిగా ఇచ్చింది. 1927లో చేరిన న్యూయార్కు కాటన్ క్లబ్బులో వేదిక మీద నల్లవాళ్ళు, బల్లల దగ్గర తెల్లవాళ్ళు మాత్రమే. 1943 జనవరిలో కార్నెగీ హాలులో తన జాతి చరిత్రను 'బ్లాక్, బ్రౌన్ అండ్ బేజ్' పేరుతో ముప్పావుగంట రచనగా వినిపిస్తే, ఇది జాజూ కాదు, సింఫనీ కాదు అన్నారు. 1965లో పేరుమోసిన పులిట్జర్ బహుమతి సంగీత న్యాయనిర్ణేతలు ఆయనకు ప్రత్యేక గౌరవం ఇమ్మని సిఫారసు చేస్తే పెద్దలు తోసిపుచ్చారు. నిర్ణేతల్లో ఇద్దరు రాజీనామా చేశారు. ఎల్లింగ్టన్, అరవైఆరేళ్ళ మనిషి, మరీ చిన్న వయసులో మరీ పేరు రాకూడదని విధి దయ చూపిందన్నారు. ఆ మాట వెనక ఎంత నొప్పి దిగమింగారో నాకు అర్థమవుతుంది. పులిట్జర్ వాళ్ళు 1999లో, శతజయంతి ఏడాది, ఆయన పోయిన పాతికేళ్ళకు, ఆ గౌరవం ప్రకటించారు.

శనివారం కచేరీ ఏడున్నరకు. వీలైతే ట్రాంబోన్ల వైపు కూర్చోండి, ప్లంజర్ పని చెయ్యి కదలికతో సహా కనపడుతుంది. ఇప్పుడు 'ఆగ్రా' మొత్తం విందాం, రెండున్నర నిమిషాలే. కార్నీకి అప్పటికి యాభైఆరేళ్ళు. తర్వాత ప్రశ్నలు. ముందు పిల్లలు అడగాలి, పెద్దవాళ్ళు ఆ తర్వాత.

('ఆగ్రా' రికార్డు వినిపించారు.)